భీమిలి బీచ్ రోడ్డులో ఎలక్ట్రిక్ కారు: ఛార్జింగ్ ఎక్కడ పెట్టుకుంటే మంచిది?

విశాఖ నుంచి భీమిలి వెళ్లే బీచ్ రోడ్డు వైపు కొత్తగా ఫాస్ట్ ఛార్జర్ పెట్టారని తెలిసిన దగ్గర్నుంచి మా బంధువుల్లో ఎవరు ఎలక్ట్రిక్ కారు కొన్నా నాకు ఒకటే ఫోను. "అన్నయ్యా, ఆదివారం పిల్లల్ని భీమిలి తీసుకెళ్దామనుకుంటున్నాం. ముందు అక్కడ ఛార్జింగ్ పెట్టి వెళ్లాలా, వచ్చేటప్పుడు పెట్టాలా?" చాలామందికి నేను చెప్పే జవాబు: ఆ ట్రిప్పుకి అక్కడ ఆగనే అక్కర్లేదు. కొందరికి మాత్రం ఆ స్టేషనే దిక్కు. మీరు ఎవరి కోవలోకి వస్తారో తేల్చుకోవాలంటే ముందు చిన్న లెక్క ఒకటి వేసుకోవాలి.

ఆర్కే బీచ్ నుంచి తెన్నేటి పార్కు, సాగర్ నగర్, రుషికొండ, తొట్లకొండ, మంగమారిపేట, ఎర్రమట్టి దిబ్బల మీదుగా భీమిలికి దాదాపు 30 కిలోమీటర్లు. రానూపోనూ 60 అనుకోండి. ఆ రోడ్డు మీద ఎవరూ వందలో పోరు, పోకూడదు కూడా. నలభై, యాభైలో ఏసీ వేసుకుని వెళ్తే మామూలు సైజు ఎస్‌యూవీ ఒక యూనిట్‌కి 7 కిలోమీటర్ల దాకా ఇస్తుంది. అంటే మొత్తం ట్రిప్పుకి 8, 9 యూనిట్లు. బ్యాటరీ 40 యూనిట్లదైతే (కారు కాగితాల్లో 40 కిలోవాట్ అవర్ అని ఉంటుంది) అందులో ఐదో వంతు కంటే కొంచెం ఎక్కువ. సగం ఛార్జింగ్‌తో బయలుదేరినా పావు పైనే మిగుల్చుకుని ఇంటికి రావచ్చు. 24 యూనిట్ల చిన్న కారు తక్కువ కరెంటుతోనే నడుస్తుంది కాబట్టి దానికీ సగం ఉంటే సరిపోతుంది, కాకపోతే తిరిగి వచ్చేసరికి మీటరు కిందకి వచ్చేస్తుంది. అలాంటి బండిని 70 శాతం పెట్టుకుని తీయడం నయం.

నిండా పెడితే ఇన్ని కిలోమీటర్లు వస్తుందని కంపెనీ చెప్పిన రేంజ్‌ని ఈ లెక్కలోకి తీసుకురావద్దు. అది ల్యాబులో పెట్టిన పరీక్ష మీద వచ్చిన అంకె. అందులో అరవై, డెబ్బై శాతమే మీదనుకుంటే దారిలో టెన్షన్ ఉండదు.

ఛార్జర్ ఎంచుకునేటప్పుడు అందరూ ముందు చూసేది బోర్డు మీద ఎన్ని కిలోవాట్లు రాసుందో. నేను ముందు చూసేది మన బండి అక్కడ ఎలాగూ ఎంతసేపు ఆగుతుందో. రాత్రంతా ఆగే చోట నెమ్మది ఛార్జర్ చాలు. నాలుగైదు గంటలు ఆగే చోట మధ్యస్తంగా ఉండేది కావాలి. ఆగే పనే లేని చోట మాత్రమే ఫాస్ట్ ఛార్జర్‌కి డబ్బు పెట్టడంలో అర్థం ఉంది.

ఇంట్లో పవర్ ప్లగ్గు ఉంటే

ముందు రోజు రాత్రి ఇంట్లో పెట్టుకోవడాన్ని మించింది లేదు. గీజరుకి, ఏసీకి వాడే 15 ఆంప్స్ ప్లగ్గు నుంచి గంటకి 3 యూనిట్ల దాకా ఎక్కుతుంది. పదింటికి పెట్టి ఆరింటికి తీస్తే 22 యూనిట్ల పైనే, అంటే 40 యూనిట్ల బ్యాటరీలో సగానికి మించి. గోడకి బిగించే 7.2 కిలోవాట్ల ఏసీ (ఇంటికి వచ్చే మామూలు కరెంటుతో నడిచే) ఛార్జింగ్ బాక్సు అయితే అదే పని మూడు, నాలుగు గంటల్లో అయిపోతుంది. దానికి ఇంటి శాంక్షన్డ్ లోడు (ఇంటికి మంజూరైన కరెంటు పరిమితి) పెంచమని విద్యుత్ పంపిణీ సంస్థ ఈపీడీసీఎల్‌కి దరఖాస్తు పెట్టుకోవాల్సి రావచ్చు. రోజుకి నలభై, యాభై కిలోమీటర్లు తిరిగే కుటుంబానికి ఆ బాక్సు అవసరం లేదని నా అభిప్రాయం. కారు కంపెనీ ఉచితంగా బిగిస్తే సరే.

ఖర్చు చూద్దాం. ఛార్జింగ్‌లో కొంత వృథా పోతుంది కాబట్టి భీమిలి ట్రిప్పుకి గోడ నుంచి 9, 10 యూనిట్లు లాగుతుంది. ఇంటి కరెంటు పై శ్లాబులో పడినా వంద రూపాయల లోపే. బయట డీసీ (ఫాస్ట్ ఛార్జింగ్) స్టేషన్లో యూనిట్ 20 రూపాయల చుట్టూ ఉందనుకుంటే, దాని మీద 18 శాతం జీఎస్టీ కలిపి అదే ట్రిప్పు రెండు వందలు దాటుతుంది. యాప్‌లో ధర చూసేటప్పుడు పన్ను కలిపారా, విడిగా వేస్తారా అన్నది చూసుకోండి. అదే దూరం పెట్రోలు కారుకి నాలుగు లీటర్లు కావాలి కాబట్టి రెండిట్లో ఏదైనా తక్కువే. కానీ వంద రూపాయల్లో అయ్యే పనికి రెండు వందలు పెట్టి, పైగా ముప్పావుగంట కూర్చోవడం ఎందుకు?

సముద్రం ఒడ్డు ఇళ్లలో ఎర్తింగ్‌తో ఒక చిక్కుంది. నేల అంతా ఇసుక. ఇసుకలో తడి నిలవదు, వేసవిలో మరీను. దాంతో ఎర్తింగ్ బలహీనపడుతుంది. ఫ్రిజ్, టీవీ మామూలుగానే నడుస్తుంటాయి కాబట్టి మనకి తెలియదు. కారుతో వచ్చిన ఛార్జర్ డబ్బా మాత్రం వెంటనే పసిగట్టి ఎర్ర లైటు వెలిగించి మొండికేస్తుంది. అప్పుడు చాలామంది ఛార్జర్ పాడైందనుకుని షోరూముకి పరిగెడతారు. ముందు ఎలక్ట్రీషియన్ని పిలిచి ఎర్తింగ్ కొలిపించండి. బొగ్గు, ఉప్పు వేసి కారు కోసం విడిగా ఎర్త్ పిట్ తీయిస్తే సరిపోతుంది. వేసవిలో దాంట్లో అప్పుడప్పుడు ఓ బకెట్ నీళ్లు పోస్తూ ఉండాలి. ప్లగ్గుకి విడిగా వైరు లాగించి, లోడు ఎక్కువైనా, కరెంటు లీకైనా తమంతట తామే ఆపేసే సొంత ఎంసీబీ, ఆర్‌సీసీబీ పెట్టించండి. ఎక్స్‌టెన్షన్ బోర్డు మీద మాత్రం కారుని ఎప్పుడూ పెట్టవద్దు. ఎనిమిది గంటలపాటు ఆపకుండా అంత కరెంటు లాగితే బోర్డు కరిగిపోతుంది.

రాత్రి ఉండే ఉద్దేశంతో వెళ్తే

రుషికొండ, భీమిలి వైపు రిసార్టులో ఒక రాత్రి ఉండాలనుకుంటే అక్కడి ఏసీ ఛార్జరే మొదటి ఎంపిక. టైప్ 2 గన్ను (కారు పోర్టులో తగిలించే పిడి) ఉన్న 7.2 కిలోవాట్ల పాయింటు దొరికితే రాత్రి భోజనానికి ముందు తగిలించి, పడుకునే ముందు తీసేయొచ్చు. అక్కడ మీ బండి ఎలాగూ కదలదు. హైదరాబాద్ నుంచి 600 కిలోమీటర్ల పైన నడుపుకుని వచ్చి, శుక్రవారం రాత్రి 15 శాతంతో దిగే కుటుంబాలకి ఇదే సరైన దారి. అలసిపోయి వచ్చి, పిల్లలు వెనక సీట్లో నిద్రపోతుంటే మళ్లీ ఫాస్ట్ ఛార్జర్ వెతుక్కుంటూ తిరగాల్సిన బాధ ఉండదు.

అయితే బుకింగ్ సైట్లో "ఈవీ ఛార్జింగ్ ఉంది" అన్న ముక్క చూసి నమ్మేయకండి. ఫోన్ చేసి అడగండి. గన్ను ఉన్న ఛార్జరా, ఉత్త ప్లగ్గేనా? ఉత్త ప్లగ్గయితే మీ డబ్బా మీరు తీసుకెళ్లాలి. పాయింట్లు ఎన్ని? ఒకటే ఉంటే మనకంటే ముందు వచ్చినవాళ్లు తెల్లవార్లూ తగిలించి ఉంచేస్తారు. కరెంటు పోతే జనరేటర్ మీద ఛార్జర్ నడుస్తుందా? చాలాచోట్ల నడవదు. ఈ మూడింటికీ రిసెప్షన్లో తడుముకోకుండా జవాబు చెప్పారంటే అక్కడ ఛార్జర్ నిజంగా వాడుకలో ఉన్నట్టే.

ఇక కొత్త ఫాస్ట్ ఛార్జర్ సంగతి

ఇది ఎవరికి పనికొస్తుందంటే, వేరే ఊరి నుంచి వస్తూ నేరుగా బీచ్ రోడ్డెక్కినవాళ్లకి, ఇంట్లో పెట్టడం మర్చిపోయినవాళ్లకి, భీమిలి దాటి ఇంకా దూరం పోయేవాళ్లకి, ఇంట్లో పెట్టుకునే వీలే లేనివాళ్లకి. మా బండి ఒక ఆదివారం మొదటి రకంలో పడింది. శ్రీకాకుళం నుంచి వస్తూ అమ్మ భీమిలి చూడాలంది. గోస్తనీ నది సముద్రంలో కలిసే చోటు, ఒలందుల (డచ్చివాళ్ల) సమాధులు, లైట్‌హౌసు చూసుకుని, 1861లోనే మున్సిపాలిటీ అయిన ఆ ఊళ్లో టీ తాగి, విశాఖ వైపు వచ్చేసరికి మీటరులో 34 శాతం. ఇంటికి వెళ్లడానికి అది చాలు. కానీ మర్నాడు పొద్దున్నే మళ్లీ అనకాపల్లి వెళ్లాలి, రాత్రికి ఇంట్లో పెట్టే టైము లేదు. అందుకని ఆగాం.

అక్కడ రెండు గన్నులున్నాయి. ఒకటి పని చేయట్లేదు. రెండోది తగిలించి యాప్‌లో క్యూఆర్ స్కాన్ చేస్తే అర నిమిషం ఆలోచించి ఎర్రర్ చూపించింది. తీసి మళ్లీ పెట్టాను, మళ్లీ అంతే. మూడోసారి ఆ స్థలం కాపలా చూసే పెద్దాయన కుర్చీ దగ్గర్నుంచి లేచి వచ్చారు.

"మేస్టారూ, గన్నుని కిందకి వేలాడనీకండి. చేత్తో కొంచెం పైకెత్తి, లోపలికి నొక్కి పట్టుకోండి. అప్పుడు తీసుకుంటాది."

ఆయన చెప్పినట్టే పట్టుకున్నాను. టక్‌మని లాక్ పడింది, ఛార్జర్‌లో ఫ్యాను మొదలైంది. డీసీ గన్నుకి కేబులు లావు, బరువు. ఆ బరువుకి గన్ను ముక్కు కిందకి వాలి, పైన ఉండే చిన్న పిన్నులు సరిగ్గా ఆనవు. బండీ ఛార్జరూ మాట్లాడుకునేది ఆ చిన్న పిన్నుల ద్వారానే. కింద ఉండే రెండు లావు పిన్నులు కరెంటు కోసం. మాట కలవనిదే కరెంటు రాదు. అందుకే లాక్ పడేదాకా గన్నుని పైకెత్తి పట్టుకోవాలి. ఈ ఒక్క చిట్కాతో తర్వాత నాకు ఎన్నోచోట్ల పని జరిగింది.

41 నిమిషాల్లో 17 యూనిట్లు ఎక్కాయి. 34 నుంచి 74 శాతం. బిల్లు నాలుగు వందల పైచిలుకు. అమ్మ అంతసేపూ గోడ మీద కూర్చుని మూరీ మిక్చర్ తింటూ సముద్రం చూసింది. ఆమెకి అది ఆలస్యంలా అనిపించలేదు. నాకు మాత్రం ఒక విషయం అర్థమైంది. బోర్డు మీద 60 కిలోవాట్లని రాసుంది, మాకు సగటున వచ్చింది 25. అదెందుకో తెలుసుకుంటే ఏ స్టేషన్లోనైనా ఎంతసేపు పడుతుందో ముందే చెప్పేయొచ్చు.

బోర్డు మీది అంకె ఛార్జర్ ఇవ్వగలిగే గరిష్టం. మీ బండి తీసుకోగలిగే గరిష్టం వేరు. రెండిట్లో ఏది తక్కువైతే అదే వస్తుంది. చిన్న కార్లని 120 కిలోవాట్ల ఛార్జర్‌కి తగిలించినా 30 కిలోవాట్లది ఇచ్చే దానికంటే పెద్దగా ఎక్కువేమీ తీసుకోవు. రెండు గన్నుల మధ్య పవర్ పంచే ఛార్జర్లలో పక్క బండి వచ్చిన క్షణం మీ వాటా పడిపోతుంది. హైవే మీద వేగంగా నడిపి వచ్చిన బ్యాటరీ వేడిగా ఉంటే, ఎండాకాలమైతే మరీ, బండి తనంతట తానే వేగం తగ్గించుకుంటుంది. మా బండి ఆ రోజు శ్రీకాకుళం నుంచి వచ్చింది, తగ్గడంలో వింత లేదు.

అన్నిటికంటే ముఖ్యం, బ్యాటరీ నిండేకొద్దీ వేగం తగ్గుతుంది. 80 శాతం దాటాక మిగిలిన 20 ఎక్కడానికి పట్టే టైములో ఒక్కోసారి అంతకు ముందు సగం బ్యాటరీ నింపేసి ఉండొచ్చు. కాబట్టి 60, 70 శాతం ఉన్న బండిని ఫాస్ట్ ఛార్జర్‌కి తీసుకెళ్లడం శుద్ధ దండగ. 20, 30లో ఉన్నప్పుడు వెళ్లి, 80 రాగానే తీసేసి బండి పక్కకి జరపండి. వెనకాల 8 శాతంతో, చంటిబిడ్డతో ఎవరో వేచి ఉండొచ్చు. ఛార్జింగ్ అయ్యాక కూడా బండి అక్కడే ఉంటే నిమిషాల లెక్కన డబ్బులు వేసే స్టేషన్లు ఉన్నాయి, అది న్యాయమే.

ఇంకో జాగ్రత్త యాప్ వాలెట్ గురించి. ఒకచోట నా దగ్గర 500 రూపాయలు పట్టేసుకుని ఛార్జింగ్ మొదలవలేదు. డబ్బు వెనక్కి రావడానికి ఆరు రోజులు పట్టింది. అప్పట్నుంచి వాలెట్‌లో ఆ రోజుకి కావలసినంతే వేస్తున్నాను. యాప్ ఇంట్లోనే దించుకుని, ఓటీపీ పని కూడా ముందే పూర్తి చేసుకోండి. కొండ పక్కన, తొట్లకొండ మలుపుల్లో సిగ్నల్ ఎప్పుడూ ఒకేలా ఉండదు. వెళ్లే ముందు ఆ స్టేషన్ ఆ రోజు ఎవరైనా వాడారా అని యాప్‌లోనూ, మ్యాపులో కొత్త రివ్యూలలోనూ చూడండి. మ్యాపులో గుర్తు కనిపించినంత మాత్రాన ఛార్జర్ పని చేస్తున్నట్టు కాదు.

ఆదివారం సాయంత్రం ఐదు నుంచి ఎనిమిది దాకా ఊరంతా బీచ్ రోడ్డు మీదే ఉంటుంది. ఛార్జింగ్ స్థలంలో పెట్రోలు బండ్లు పార్క్ చేసి ఉంటాయి. ఆ వేళలో ఆ స్టేషన్ మీద ఆధారపడే ప్లాను వేసుకోకండి. తప్పనిసరైతే పొద్దున్నే వెళ్లండి.

భీమిలి దాటి పోతే లెక్క మారుతుంది

కళింగపట్నం దాకా వెళ్లాలనే కోరిక చాలామందికి ఉంటుంది, ఉండాలి కూడా. వంశధార సముద్రంలో కలిసే చోటు, దగ్గర్లో శాలిహుండం కొండ మీద బౌద్ధ స్తూపాలు. విశాఖ నుంచి శ్రీకాకుళం 110 కిలోమీటర్ల చుట్టూ, అక్కడి నుంచి కళింగపట్నం ఇంకో పాతిక, ముప్పై. రానూపోనూ 270, 280. హైవే మీద 90లో పోతే యూనిట్‌కి 6 కిలోమీటర్లు వస్తాయనుకోండి, 45 యూనిట్ల పైన కావాలి. 40 యూనిట్ల బండికి ఒక్కసారైనా మధ్యలో ఆగక తప్పదు.

ఇక్కడ బీచ్ రోడ్డు స్టేషన్‌ని నమ్ముకోవద్దు. ఇంటి దగ్గర నిండా పెట్టుకుని బయలుదేరి, హైవే మీద గానీ శ్రీకాకుళంలో గానీ మధ్యాహ్న భోజనం దగ్గర డీసీ ఛార్జర్ చూసుకోండి. ఒకటి పని చేయకపోతే ఇరవై కిలోమీటర్లలో ఇంకొకటి ఉండేలా ఎంచుకోవాలి. హైవే మీద ఆ అవకాశం ఎక్కువ, ఒడ్డు రోడ్డు మీద తక్కువ. 30 శాతం ఉండగానే ఆగండి. పది శాతం దాకా లాగి, తీరా చేరాక ఛార్జర్ మూగబోయి ఉంటే ఆ భయం ఇంక ట్రిప్పంతా వెంటాడుతుంది.

ఉప్పుగాలి, తుపాను

ఒడ్డున ఉన్న ఛార్జర్లకి శత్రువు ఉప్పుగాలి. గన్ను తీసుకోగానే దాని నోట్లోకి ఒకసారి చూడండి. పిన్నుల మీద పచ్చగా చిలుము పట్టినా, ఒకటి నల్లగా మాడినట్టున్నా ఆ గన్ను పెట్టవద్దు. ఇసుక ఉంటే చేత్తో తట్టి రాల్చండి, గుడ్డ గానీ పుల్ల గానీ లోపల పెట్టవద్దు. గన్ను నేల మీద పడేసి వెళ్లిన వాళ్లుంటారు. దాన్ని తిరిగి హోల్డర్‌లో పెట్టడానికి మనకి పది సెకన్లు పడుతుంది, వెనక వచ్చేవాళ్లకి ఎంతో మేలు. మన బండి పోర్టు మూత కూడా బీచ్ దగ్గర ఊరికే తెరిచి ఉంచకూడదు. వానలో పెట్టొచ్చా అంటే, పాడవని గన్నుకి వాన వల్ల ప్రమాదం లేదు, పైకప్పు ఉంటే ఇంకా మంచిది. ఉరుములు, మెరుపులు ఉంటే మాత్రం నేను ఆగుతాను.

అక్టోబరు, నవంబరు నెలల్లో మా ఇంట్లో బ్యాటరీ ఎప్పుడూ సగానికి తగ్గనివ్వం. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తాకాక ఊళ్లో కరెంటు లేకుండా ఎన్ని రోజులు గడిపామో ఇక్కడున్న వాళ్లెవరూ మర్చిపోలేరు. అలాంటప్పుడు ఏ స్టేషనూ పని చేయదు. తుపాను హెచ్చరిక రాగానే ఇంట్లో నిండా పెట్టేసి, చెట్ల కింద కాకుండా ఎత్తయిన చోట బండి నిలపండి. వీటూఎల్ సౌకర్యమున్న బండ్లు ఫ్యానుకి, ఫోన్లకి, చిన్న ఫ్రిజ్‌కి కరెంటు ఇవ్వగలవు. ఇంట్లో ముసలివాళ్లు, చంటిపిల్లలు ఉన్నవాళ్లు కారు ఎంచుకునేటప్పుడే ఆ సౌకర్యం చూసుకుంటే మంచిది.

ఇంట్లో ప్లగ్గే లేకపోతే

పైన చెప్పిందంతా ఇంట్లో పెట్టుకునే వీలున్నవాళ్ల కోసం. అపార్ట్‌మెంటులో మూడో అంతస్తు, కింద పార్కింగ్‌లో ప్లగ్గుకి అసోసియేషన్ ఒప్పుకోవట్లేదు అనేవాళ్లు చాలామంది. 2024లో సవరించిన కేంద్ర విద్యుత్ వినియోగదారుల హక్కుల నిబంధనల ప్రకారం ఈవీ ఛార్జింగ్ కోసం విడిగా కనెక్షన్ అడగొచ్చు. ఆ కాగితం ముందు పెట్టి, మీటరు నాది, బిల్లు నాది, సొసైటీ కరెంటు వాడను అని శాంతంగా చెప్పండి. భయం పోతే ఒప్పుకుంటారు.

అది తేలేదాకా కొత్త స్టేషనే మీ ఇంటి ప్లగ్గు అనుకోండి, కానీ ఆదివారం ట్రిప్పుతో దాన్ని ముడిపెట్టొద్దు. మా పక్క వీధిలో ఒక టీచరమ్మగారు చేసే పద్ధతి నాకు బాగా నచ్చింది. ఆవిడ బుధవారం ఉదయం ఆరింటికి పాతిక శాతంతో వెళ్తారు. రెండు గన్నులూ ఖాళీగా ఉంటాయి, పక్క బండి లేదు కాబట్టి పవర్ పంచుకోవాల్సిన పని లేదు, రాత్రంతా నిలిచిన బ్యాటరీ చల్లగా ఉంటుంది. గన్ను తగిలించి ఇసుక మీద అటు చివరిదాకా నడిచి వెనక్కి వస్తారు. సూర్యుడు సముద్రం మీదకి జానెడు ఎత్తు వచ్చేసరికి ఫోనులో 80 శాతం అని మెసేజ్ వస్తుంది. దాంతో వారమంతా స్కూలుకి వెళ్లొస్తారు. ఆదివారం భీమిలికి కూడా అందులోంచే.